యుద్ధం నేను ప్రకటించాను

మా నాన్న జబ్బుపడి ఉండగా ఆయనకు నేనొక అన్యాయం చేశాను. ఒక్క మాటతో చేశాను. అది తిట్టూ కాదు, అబద్ధమూ కాదు. లోకమంతా మెచ్చుకునే మాటే. 'పోరాడాలి నాన్నా' అన్నాను. ప్రేమ కొద్దీ అన్నాను. ప్రేమ కొద్దీ అన్నది తప్పెలా అవుతుందని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోలేను. ఒక మనిషి తన ఆఖరి రోజులకు అర్థం తన బతుకులోంచి తీసుకుంటాడనీ, దాన్ని ఇంకొకరు బయట నుంచి తెచ్చి తొడగకూడదనీ నాకు తెలియలేదు. ఆ తెలియనితనం వల్ల ఆయన ఎంత నష్టపోయాడో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఉద్యోగమంతా ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో, కనిగిరి, పొదిలి, పామూరు వైపు ఊళ్ల మధ్యనే గడిచింది. ఎక్కువగా పల్లెవెలుగు బండ్లు, వాటిలోనూ నైట్ హాల్టులు. రాత్రి ఆఖరి ట్రిప్పు ఏదో ఒక ఊళ్లో ఆపి, అక్కడే పడుకుని, తెల్లారకముందే లేచి, కూరగాయల గంపలనీ, కాలేజీ పిల్లలనీ, ఆస్పత్రికి పోయే ముసలివాళ్లనీ ఎక్కించుకుని పట్నం చేర్చేవాడు. రిటైరైన కొన్నేళ్లకు అన్నం సహించడం మానేసింది. మనిషి చిక్కిపోయాడు. పరీక్షలు చేయిస్తే కడుపులో క్యాన్సర్ అన్నారు. అప్పటికే అది కాలేయానికి పాకింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, నయం చేసే దశ దాటిపోయిందనీ, కీమోతో కొంతకాలం పొడిగించవచ్చనీ, బాధ లేకుండా చూడవచ్చనీ చెప్పారు. ఆయన చెప్పాల్సింది స్పష్టంగానే చెప్పారు. నేనే 'నయం చేసే దశ దాటింది' అన్న మాటను అక్కడే వదిలేసి, 'పొడిగించవచ్చు' అన్న మాట ఒక్కటీ పట్టుకుని బయటికొచ్చాను.

ఆ సాయంత్రమే యుద్ధం ప్రకటించాను. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేయి పట్టుకుని, మనం దీన్ని ఓడించాలి, నువ్వు ధైర్యంగా ఉంటే సగం గెలిచినట్టే అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి సరేనన్నట్టు తలాడించాడు. ఆ తలాడించడం తన కోసం కాదు, నా కోసమని అర్థం చేసుకునే తెలివి నాకు ఆరోజు లేదు.

యుద్ధం అని ఒకసారి పేరు పెట్టాక ఇంట్లో అన్నీ దాని ప్రకారమే నడిచాయి. చూడవచ్చిన వాళ్లకు 'మా నాన్న ఫైటర్' అని పరిచయం చేసేవాణ్ణి. అమ్మ కళ్లు తుడుచుకుంటే, ఆయన ముందు ఏడవొద్దు, ధైర్యం చెడుతుందని గట్టిగా చెప్పేవాణ్ణి. ఎవరన్నా పెద్దాయన 'ఇంక ఆయనకు ఇష్టమైనవి చేసి పెట్టండి నాయనా' అంటే, వాళ్లు మా వెనక నిలబడి మా కాళ్లు లాగుతున్నట్టు అనిపించేది. సైనికుడు మూలగకూడదు. ఆ నియమాన్ని నేను నోటితో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. యుద్ధం అన్న మాటలోనే అది ఉంది. నాన్నకు అది అర్థమైంది.

నొప్పి పదిలో ఎంత ఉందని నర్సు అడిగినప్పుడల్లా నాన్న రెండో మూడో అనేవాడు. నేను మందుల షాపుకు వెళ్లినప్పుడు మాత్రం అమ్మ చేయి గట్టిగా పట్టుకుని పళ్లు బిగించేవాడట. 'వాడికి చెప్పమాక. వాడు తట్టుకోలేడు' అన్నాడట. అమ్మ ఈ సంగతి నాకు ఆయన పోయాక చెప్పింది. మన దేశంలో 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం తర్వాత అలాంటి నొప్పికి వాడే మార్ఫిన్ దొరకడమే గగనమైంది. లైసెన్సుల చిక్కులకు భయపడి ఎన్నో ఆస్పత్రులు దాన్ని ఉంచడమే మానుకున్నాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సుగమం చేశారు. ఆ సవరణ కోసం క్యాన్సర్ రోగుల బాధ కళ్లారా చూసిన వైద్యులు ఏళ్ల తరబడి తిరిగారు. మా నాన్నకు మార్ఫిన్ మాత్రలు అందుబాటులోనే ఉన్నాయి. అడిగితే ఇచ్చేవాళ్లు. అడగనివ్వకుండా చేసింది నేను. ఒక మనిషి రాత్రుళ్లు నొప్పిని మింగుకుంటూ పడుకున్నాడంటే, అది ఆయన కొడుకు దృష్టిలో పరువు కాపాడుకోవడానికి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

మొదట ఇచ్చిన మందులు కొన్నాళ్లు పనిచేసి ఆగిపోయాయి. ఇంకో రకం కీమో ఉంది, ప్రయత్నించవచ్చు, కానీ పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు అన్నారు. నాన్న వద్దన్నాడు. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. అప్పుడు అన్నాను, ఇప్పుడు వెనక్కి తీసుకోలేని ఆ మాట: 'అయితే ఓడిపోదామా నాన్నా?'

నాన్న కోప్పడలేదు. కాసేపాగి, డిపోలో కొత్తగా చేరిన కుర్రాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. 'నేను మిలటరీవాణ్ణి కాదురా అబ్బాయ్, డ్రైవర్ని. ట్యాంకులో ఆయిలెంత ఉందో డాక్టరు చెప్పాడు. దారిలో ఇంక బంకు లేదు. ఇప్పుడు రేజ్ చేస్తే ఏమొచ్చుద్ది? నడిమధ్యలో ఆగిపోద్ది. కాలు తేలిగ్గా పెట్టి తోలితే దించాల్సినోళ్లందర్నీ దించొచ్చు. నన్ను తోలనియ్యి.'

ఈ మాటల వెనక ఏముందో చెప్పాలంటే ఆర్టీసీలో కేఎంపీఎల్ అంటే ఏమిటో చెప్పాలి. లీటరు డీజిలుకు బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క అది. ఆర్టీసీ బస్సుకు అది అయిదు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. డ్రైవర్ల మధ్య తేడా దశాంశాల్లోనే తేలుతుంది. ఆ దశాంశాలే ఒక్కో డిపోకు ఏడాదికి లక్షల రూపాయలు. అందుకే ఏ డ్రైవరు ఎంత తెచ్చాడో లెక్క రాస్తారు, బాగా తెచ్చినవాళ్లను పిలిచి మెచ్చుకుంటారు. నాన్నకు ఆ మెప్పు దక్కింది. రహస్యమేమిటని చిన్నప్పుడు అడిగితే, స్టాపు దూరాన కనబడగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్యాలి, బండి తన ఊపుతో తనే వచ్చి ఆగాలి, బ్రేకు కొట్టి ఆపావంటే అప్పటిదాకా కాల్చిన ఆయిలు వృథా చేసినట్టే అని చెప్పాడు. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజను చప్పుడే చెబుతుందనేవాడు. ముందున్న బండిని దాటేయాలన్న పంతం ఆయనకు ఎప్పుడూ లేదు. లోపల కూర్చున్నవాళ్లు కునుకు తీస్తుంటే ఆ కునుకు చెడకుండా ఊరు చేర్చడమే ఆయన గొప్పగా అనుకున్న పని.

ఆ మనిషి తన ముందున్న కొద్ది కాలాన్నీ ఆ చూపుతోనే చూశాడు. ఆయిలు కొంచెమే ఉంది. కాబట్టి వేగం వద్దు, ఊపుతో పోవాలి. ఇంత వరకే అయితే అది ఓ ఓదార్పు మాట. కానీ ఆయన 'దించాల్సినోళ్లు' అన్నాడు. ఆ మాటతో ఆయన తనకు పని కల్పించుకున్నాడు. ఆ బండిలో ఎవరెవరున్నారో ఆయనకు స్పష్టంగా తెలుసు. నేనే అడగలేదు.

తర్వాత తెలిసింది. అందరికన్నా ముందు సీట్లో అమ్మ ఉంది. ఆమె జీవితంలో ఒక్కసారి కూడా ఒంటరిగా బ్యాంకుకు వెళ్లలేదు. పెన్షన్ కాగితాలెక్కడున్నాయో తెలియదు. సొసైటీ అప్పుకు నాన్న హామీ సంతకం పెట్టిన పాత కండక్టరొకాయన ఉన్నాడు. ఆ లెక్క తేల్చి ఆయన్ని బరువు నుంచి దించాలి. తాత రూటులో ఊళ్ల పేర్లన్నీ వరసగా, ఒక్కో ఊరి కథతో చెప్పించుకుంటానని మారాం చేసే మనవరాలు ఉంది. అన్నిటికన్నా వెనక సీట్లో, ముఖం పక్కకు తిప్పుకుని, మా మేనత్త ఉంది. తాతగారి ఇంటి వాటా దగ్గర మాట పెరిగి అన్నాచెల్లెళ్లు ఏళ్లుగా పలకరించుకోవడం లేదు. ఆమెను పిలిచి, కూర్చోబెట్టుకుని, ఆ గొడవను చేతులారా ముగించాలన్నది నాన్న కోరిక. ఇవేవీ గొప్ప పనులు కావు. కానీ వీటిలో ప్రతిదానికీ నాన్నే కావాలి, నాన్నకు ఓపికా కావాలి. ఆ ఓపికను లెక్క చూసుకుని ఖర్చు చేయాలని ఆయన చూశాడు.

నేను ఆ మాటలను నీరసం అనుకున్నాను. చావుకు లొంగిపోయిన మనిషి మాటలనుకున్నాను. బతిమాలాను, అలిగాను, చివరికి 'నా కోసం' అన్నాను. ఆ మాట తర్వాత ఆయన ఎదురు చెప్పలేదు. రెండో రకం కీమో మొదలైంది. రక్తకణాలు పడిపోయాయి, జ్వరం వచ్చింది, మళ్లీ ఆస్పత్రిలో చేర్చాం. ఇన్‌ఫెక్షన్ భయంతో ఎవరినీ రావద్దన్నాను. మేనత్త ఫోన్ చేస్తే కూడా, ఇప్పుడు మనసు చెదిరే మాటలొద్దత్తయ్యా, మనం ఫైట్‌లో ఉన్నాం, కోలుకోగానే నేనే పిలుస్తానన్నాను. నాన్నను ఇంటికి తెచ్చేసరికి మనిషిలో మిగిలింది తక్కువ. అమ్మకు బ్యాంకు పని నేర్పడం సగంలో ఆగింది. కండక్టరు గారి లెక్క తేల్చాడు. మనవరాలికి కొన్ని ఊళ్లు చెప్పాడు. మేనత్త వచ్చేసరికి ఆయన ఎవరినీ గుర్తుపట్టే స్థితిలో లేడు. ఆమె ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది. 'ముందే ఎందుకు పిలవలేదురా?' అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడొక మాట తప్పకుండా చెప్పాలి. నేను కీమోను తప్పుపట్టడం లేదు. తొలి దశలో దొరికిన క్యాన్సర్లు ఎన్నో వైద్యంతో నయమవుతున్నాయి. నయం కాని దశలో కూడా మందులు చాలామందికి బాధ తగ్గించి మంచి రోజులు ఇస్తాయి. నాన్నే కోరి ఆ మందు తీసుకుని ఉంటే, ఫలితం ఇదే అయినా నాకీ బాధ ఉండేది కాదు. నా తప్పు మందు దగ్గర లేదు. ఆయన తన బతుకును ఏ పోలికతో అర్థం చేసుకుంటున్నాడో ఆయనే నోరు తెరిచి చెబితే వినకపోవడం దగ్గర ఉంది.

పెద్దకర్మ కార్డులో నేను 'క్యాన్సర్‌తో వీరోచితంగా పోరాడి ఓడి' అని రాయించాను. అచ్చయి వచ్చిన కార్డు చూసి అమ్మ, 'మీ నాన్న ఎవరి చేతిలో ఓడిపోయాడు?' అని అడిగింది. నేను నీళ్లు నమిలాను. 'ఆయన డ్యూటీ దిగాడు. ఓడిపోవడమేంది?' అంది. అమ్మకు ఆయన పోలిక ముందే తెలుసు. అందులోనే ఆమె కూడా ఆయనతో పాటు ఆ నెలలన్నీ బతికింది. నేనొక్కణ్ణే ఆ ఇంట్లో వేరే కథలో ఉన్నాను.

ఆ తర్వాతే ఈ యుద్ధం మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మొదలుపెట్టాను. అది ఊరికే పుట్టలేదు. తొలి కీమో మందుల్లో ఒకటైన నైట్రోజన్ మస్టర్డ్ నిజంగానే యుద్ధం నుంచి వచ్చింది. రసాయన ఆయుధాల మీద పరిశోధిస్తూ 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్ అన్నవాళ్లు దాన్ని క్యాన్సర్ రోగికి ఇచ్చి చూశారు; యుద్ధ రహస్యం కాబట్టి ఆ ఫలితాలు 1946 దాకా బయటికి రాలేదు. 1971 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టం మీద సంతకం పెట్టాక, దానికి 'క్యాన్సర్ మీద యుద్ధం' అన్న పేరు స్థిరపడిపోయింది. యుద్ధం అంటే ప్రభుత్వాలు డబ్బు ఇస్తాయి, శాస్త్రవేత్తలు కూడతారు. ఒక దేశానికీ, ఒక పరిశోధనశాలకీ ఆ పోలిక ఉత్సాహమిచ్చింది. మంచం మీదున్న ఒక మనిషికి అదే పోలిక సరిపోతుందా అని అప్పట్లో అడిగినవాళ్లు తక్కువ.

నైట్రోజన్ మస్టర్డ్ ఫలితాలు బయటికొచ్చిన ఆ 1940ల్లోనే, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తూ, తన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు అందించారు. రక్తక్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు దాన్నిచ్చినప్పుడు జబ్బు కొన్నాళ్లు తగ్గుముఖం పట్టిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. సుబ్బారావు గారు ఆ ఏడాదే చనిపోయారు. ఆ మందు పనిచేసే తీరు గురించి చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. అది కణం మీద నేరుగా దాడి చేయదు. ఫోలిక్ యాసిడ్‌ను పోలిన రూపంలో లోపలికి వెళ్లి, దాని స్థానంలో కూర్చుని, కణం విభజన చెందకుండా నిలుపుతుంది. ప్రాణాలు నిలిపిన ఆ వైద్యంలో కూడా అసలు జరిగేది యుద్ధమే అనుకోవాల్సిన పని లేదన్నమాట. యుద్ధమన్నది మనం చూసే చూపు.

అమెరికా రచయిత్రి సుసాన్ సొంటాగ్ తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిన తర్వాత 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' అన్న పుస్తకం రాసింది. జబ్బును జబ్బుగానే చూడాలి, దానికి పోలికలు అంటగడితే రోగి తన జబ్బుకు తనే దోషిననుకుంటాడు అని ఆమె వాదన. అది చదివి నాకు ఊరట కలిగింది. కానీ ఆమె జీవితం చివర ఏమైందో చదివాక ఆ ఊరట నిలవలేదు. 2004లో రక్త సంబంధమైన క్యాన్సర్ వచ్చినప్పుడు, ఆశ చాలా తక్కువని తెలిసినా ఆమె ఎముక మజ్జ మార్పిడికి సిద్ధపడింది. చావు గురించి మాట్లాడటానికి ఇష్టపడలేదు. ఆ ఏడాది డిసెంబరులో పోయింది. ఆమె కొడుకు డేవిడ్ రీఫ్ 2008లో ఆ నెలల గురించి పుస్తకం రాశాడు. బతుకుతానన్న నమ్మకం తల్లికి కావాలి గనక తానూ దాన్నే నిలబెడుతూ వచ్చాననీ, అది సరైనదో కాదో తేల్చుకోలేకపోతున్నాననీ అందులో బాధపడ్డాడు. ఆమెకు ఆఖరి శ్వాస దాకా బతకడానికి ప్రయత్నించడమే జీవితానికి అర్థం. మా నాన్నకు బండిని మెత్తగా నడపడమే అర్థం. ఆ కొడుకు తల్లి చూపులోకి వెళ్లి నిలబడ్డాడు. నేను మా నాన్నను నా చూపులోకి లాగాను. మా ఇద్దరి దుఃఖానికీ తేడా అదే.

ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో ఎలెనా సెమినో బృందం రోగులూ, వాళ్లను చూసుకునేవాళ్లూ, వైద్యులూ చెప్పిన, రాసిన మాటలను దాదాపు 15 లక్షల పదాల మేర పరిశీలించింది. యుద్ధం అన్న పోలిక కొందరికి గర్వాన్నీ పట్టుదలనీ ఇస్తోంది. కొందరికి ఓటమి భావాన్నీ అపరాధ భావాన్నీ మిగులుస్తోంది. ప్రయాణం అన్న పోలికా అంతే. కొందరికి ఊరట, దారి తెలియని మరికొందరికి భయం. అందుకే వాళ్లు ఒక పోలికను నిషేధించి ఇంకోదాన్ని సిఫారసు చేయలేదు. రోగులే చెప్పిన రకరకాల పోలికలను ఒకచోట చేర్చి, ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోవడానికి ముందు పెట్టారు. అమెరికాలో డేవిడ్ హౌసర్, నార్బర్ట్ ష్వార్ట్జ్ 2015లో ఇంకో సంగతి తేల్చారు. క్యాన్సర్‌ను శత్రువుగా వర్ణించిన రాతలు చదివినవాళ్లలో, పొగ, మద్యం వంటివి తగ్గించుకుందామన్న ఉద్దేశం బలహీనపడింది. యుద్ధంలో ఎదురుదాడి ఉంటుంది గానీ తగ్గి ఉండటం ఉండదు కదా. పోలిక మన నోటితో ఆగదు. ఏ పని చేయాలో, ఏ పని చేయనక్కర్లేదో కూడా అదే చెబుతుంది. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో రాసిన 'మెటఫర్స్ వి లివ్ బై' పుస్తకమంతా ఈ సంగతి మీదే నడుస్తుంది. మనం పోలికలతో మాట్లాడుతున్నామని అనుకుంటాం. నిజానికి వాటిలోనే ఆలోచిస్తాం, వాటి ప్రకారమే నడుచుకుంటాం.

ఈ సంగతికి రుజువు మన ఇళ్లలోనే ఉంది. మశూచిని మన పెద్దలు అమ్మవారు పోసిందన్నారు. జబ్బు ఇంటికొచ్చిన తల్లి. కాబట్టి ఇంట్లో గట్టిగా మాట్లాడరు, తాలింపు పెట్టరు, పిల్లవాడి ఒంటికి వేపాకు రాస్తారు, చల్లని పదార్థాలు పెడతారు, తగ్గాక నీళ్లుపోసి సాగనంపుతారు. మందు లేని రోజుల్లో ఆ పోలిక రోగికి ఎంత నెమ్మదినీ, ఎంత సేవనీ ఇచ్చిందో తలుచుకుంటే గౌరవం కలుగుతుంది. టీకా వచ్చాక అదే పోలిక కొన్ని చోట్ల అడ్డుపడింది. తల్లికి కోపం వస్తుందని సూది వద్దన్నారు. ఆ అడ్డంకులన్నీ దాటి టీకాలు వేసినవాళ్ల కష్టం వల్లనే 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఒకప్పుడు ఆదుకున్న పోలికే ఇంకొకప్పుడు పట్టి ఉంచగలదు. పోలికను గౌరవించాలి, కాలం మారినప్పుడు దించి పక్కన పెట్టడమూ తెలియాలి. నాకు ఆ రెండోది తెలియలేదు. తొలి నెలల్లో నాన్నకు కూడా నా యుద్ధం కొంత ఉత్సాహం ఇచ్చిందేమో. ఆయన దాన్ని దించిన రోజున నేనూ దించాల్సింది.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం పోలికను నేను కాలేజీలో చదివాను. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, లోపల కూర్చున్నవాడు ఆత్మ. పరీక్షకు రాసి మార్కులు తెచ్చుకున్నాను. నాన్న పోయాక మళ్లీ చదివితే కొత్త సంగతి కనబడింది. ఆ కాలంలో రథం అంటే యుద్ధ వాహనం కూడా. అయినా యముడు దాన్ని ఎవరి మీదికీ నడిపించలేదు. శత్రువు పేరెత్తలేదు. పగ్గాలు పట్టు తప్పకుండా చేరాల్సిన చోటికి చేరడం గురించే చెప్పాడు. చావు దేవుడే చావు గురించి అడిగిన పిల్లవాడికి గెలుపు ఓటముల ఊసు లేకుండా జవాబు చెప్పాడు. మా నాన్న ఉపనిషత్తులు చదవలేదు. స్టీరింగ్ పట్టిన అనుభవం నుంచి ఆయన అదే చోటికి వచ్చాడు.

బతుకుకు అర్థం ఏమిటి అన్న ప్రశ్నకు అందరికీ కలిపి ఒకే జవాబు ఉండదని, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ 1946లో రాశారు. ఫలానా మనిషికి, ఫలానా వేళకు దాని అర్థం ఏమిటన్నదే అడగదగిన ప్రశ్న అన్నారు. పోలిక ఆ మనిషికీ ఆ వేళకీ తగిన జవాబు తెస్తుంది. 'నా జీవితం దేనికి?' అని నాన్నను అడిగి ఉంటే ఆయన ఏమీ చెప్పలేకపోయేవాడు. 'నేను డ్రైవర్ని' అని అనుకోగానే ఎంత ఆయిలుందో, ఎవరు ఎక్కడ దిగాలో, కాలు ఎంత తేలిగ్గా పెట్టాలో అన్నీ ఆయనకు తెలిసిపోయాయి. చదువు తక్కువైన మనిషి, తన చేతికి అలవాటైన పనిలోంచి, చావు ముందు ఎలా ఉండాలో తేల్చుకోగలిగాడు. ఆ శక్తి ప్రతి మనిషి పనిలోనూ ఉంటుందని ఇప్పుడు నా గట్టి నమ్మకం. పొలం చేసినవాడికి పొలంలో, వంట చేసినావిడకు వంటింట్లో, బడి చెప్పినవాడికి బడిలో అది దొరుకుతుంది. బయట నుంచి అరువు తెచ్చిన పోలిక ఎంత ఘనమైనదైనా వాళ్లకు పని చూపించదు. నాన్నకు నేనిచ్చిన యుద్ధంలో ఆయన చేయగలిగిన పని ఒక్కటే: నొప్పి దాచుకోవడం.

ఇంకొక సంగతి చాలా ఆలస్యంగా తట్టింది. నాన్న 'నన్ను తోలనియ్యి' అన్నప్పుడు ఆయన నన్ను బండి దిగమనలేదు. బస్సు డ్రైవరు ఒక్కడితో నడవదు. ఎవరు ఎక్కడ దిగాలో చూసి, ముందు చెప్పి, విజిలు వేసే మనిషి ఒకరుండాలి. మేనత్తకు ఫోన్ చేయడం, అమ్మను బ్యాంకుకు తీసుకెళ్లడం, కాగితాలు వెతికి పెట్టడం, నొప్పి సంగతి డాక్టరుకు చెప్పడం, ఇవన్నీ కండక్టరు పనులు. ఆ పని నాకోసమే ఖాళీగా ఉంది. కొడుకుగా నేను చేయగలిగిన గొప్ప పని అదే అయి ఉండేది. సైన్యాధిపతిని కావాలని చూసి దాన్ని వదులుకున్నాను.

ఈమధ్య నాకు బాగా దగ్గరైన ఒక స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. తొలి దశ. నేను వెళ్లి కూర్చుని, 'నీకిది దేనిలా అనిపిస్తోంది?' అని అడిగాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. 'యుద్ధమే. దీన్ని చంపి తీరతాను' అంది. చిన్నప్పటి నుంచి ప్రతిదీ కొట్లాడి తెచ్చుకున్న మనిషి ఆమె. చదువు కొట్లాడి తెచ్చుకుంది, ఆస్తిలో వాటా కొట్లాడి తెచ్చుకుంది. ఆ మాట ఆమె బతుకులోంచే వచ్చింది. నేను సొంటాగ్ గురించి చెప్పలేదు, నాన్న కథ చెప్పలేదు. 'నీ యుద్ధంలో నాకేం పనుంది?' అని అడిగాను. కీమో రోజుల్లో పిల్లల్ని బడికి దింపి తీసుకురమ్మంది. నొప్పి ఎక్కువైతే ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం తనకు అలవాటనీ, రోజూ ఒకసారి అడగమనీ కూడా చెప్పింది. అడుగుతున్నాను.

జబ్బుతో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లేవాళ్లందరికీ నేను ఈ రెండు ప్రశ్నలే ఇవ్వగలను. ఇది నీకు దేనిలా ఉంది? అందులో నాకేం పనుంది? మొదటిది వాళ్ల అర్థాన్ని వాళ్లకే వదులుతుంది. రెండోది మనల్ని ఆ అర్థంలోకి పనివాళ్లుగా చేరుస్తుంది. జవాబు మనకు నచ్చకపోవచ్చు. మన ధైర్యానికి అది చాలకపోవచ్చు. అయినా ఆ జవాబు ప్రకారమే నడవాలి, ఎందుకంటే ఆ బతుకు వాళ్లది. ప్రేమిస్తున్నాం గనక మనకు హక్కుందనుకుంటాం. ప్రేమ వల్ల మనకు దక్కేది వాళ్లు చెప్పింది వినే బాధ్యత మాత్రమే.